కుప్పం గేటు ముందు ఆగిన లోడు

పర్యావరణ ఇంజనీరంటే చెట్లు నాటించేవాడని మా బంధువులు చివరిదాకా అనుకున్నారు. పెళ్లిళ్లలో కనబడితే "ఏమప్పా, మీ సెట్లు ఎట్లుండాయి?" అని పలకరించేవాళ్లు. బాగున్నాయని చెప్పి భోజనాల వైపు నడిచేవాణ్ని. నిజానికి నా ఉద్యోగమంతా చెత్త వెనకాల తిరగడం. ఆఖరి సంవత్సరాలైతే పూర్తిగా పాత టీవీలు, ఫోన్లు, కంప్యూటర్లు, వైర్ల వెనకాలే గడిచిపోయాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నా పరిధిలో ఉండేవి.

ఈ శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పదోన్నతులు, బదిలీలు, ఫైళ్ల సంగతి ఎవరైనా చెబుతారు. నేను ఒకే ఒక లోడు సంగతి చెబుతాను. పాత సామాన్లు మళ్లీ పనికొచ్చే వస్తువులుగా మారడానికి అడ్డం పడుతున్నవి ఏమిటో శిక్షణ తరగతుల్లో నేను నేర్చుకోలేదు. ఆ ఒక్క రోజే నేర్చుకున్నాను.

బస్టాండులో డబ్బా

మా పెద్దసారుకి డబ్బాలంటే మోజు. చెడ్డవాడు కాదు. ఏ సమస్యకైనా మంచి ఫొటో ఒకటి పడితే సగం తీరినట్టేనని నమ్మే మనిషి. మదనపల్లె బస్టాండులో ఆకుపచ్చ డబ్బా ఒకటి పెట్టించి, పాడైన ఎలక్ట్రానిక్ సామాన్లు ఇందులో వేయమని రాయించాడు. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. కొన్నాళ్లకు మూత తీసి చూస్తే ఎంగిలి ఇస్తరాకులు, కొబ్బరి బోండాలు, ఎవరో విసుగొచ్చి పడేసిన ఒక టీవీ రిమోటు కనిపించాయి. ఆ రిమోటును చేత్తో పట్టుకొని పెద్దసారు, "చూశావా, స్పందన మొదలైంది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

జనానికి బుద్ధి లేదని మా ఆఫీసులో అందరూ తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే మా వీధిలో ఏం జరుగుతోందో చూస్తున్నాను. మోటారు సైకిలుకి మైకు కట్టుకొని ఒకతను వస్తాడు. "పాత ఇనుముకి, పాత టీవీలకి, కాలిపోయిన మిక్సీలకి ఎర్రగడ్డలు!" అని అరుస్తాడు. మన గుమ్మం ముందే తూకం వేసి, అప్పటికప్పుడు చేటలో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, పోసి వెళ్తాడు. నేను ఆఫీసులో ఉన్న సమయం చూసి మా ఆవిడ నా పాత కంప్యూటరును అలాగే సాగనంపింది. పర్యావరణ ఇంజనీరు ఇంటి కంప్యూటరు సాంబారులోకి పోయింది. సాంబారు బాగానే ఉంది, అది వేరే సంగతి.

డబ్బా దగ్గరికి మనమే మోసుకెళ్లాలి, వెళ్తే అది ఏమీ ఇవ్వదు. ఎర్రగడ్డలతను మన దగ్గరికే వస్తాడు, వట్టి చేతులతో రాడు. ఎవరు గెలుస్తారో చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. అందుకే నేను డబ్బాను పెద్దసారుకి వదిలేసి, ఆ మోటారు సైకిలు ఎటు పోతుందో చూడటానికి దాని వెనకాల పడ్డాను.

పుంగనూరు గుజిరీ

అది వెళ్లి ఆగింది పుంగనూరు శివార్లలో ఒక గుజిరీ అంగడి ముందు. పాత సామాన్లు కొనే అంగడిని మా వైపు అలాగే అంటారు. యజమాని పేరు రత్నమ్మ. ఒకప్పుడు టమాటా తోటల్లో కూలికి పోయిన మనిషి. భర్త క్రిష్ణప్ప టెంపో తోలుతాడు గానీ అంగడి పెత్తనమంతా ఆమెదే. నోరు పెద్దది, ఇచ్చిన మాట తప్పదు.

అంగడి వెనకాల ఎండిపోయిన వంక, అంటే చిన్న వాగు, ఉంది. ఆ వంకలో రత్నమ్మ చెల్లెలు మంగమ్మ వైర్లు కాల్చేది. పైనున్న ప్లాస్టిక్కు కాలిపోతే లోపలి రాగి మిగులుతుంది. నల్లటి పొగ, గొంతులో పడితే రోజంతా వదలని ఘాటు. మంగమ్మ మాట్లాడుతుండగా దగ్గు వస్తే, అది ఆగేదాకా ఎదుటివాళ్లు కాచుకొని కూర్చోవాలి. ఆ పొగ మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని మదనపల్లె డాక్టరు చెప్పాడు. మానితే అంగడి నడవదు. ముక్కుకు కొంగు చుట్టుకొని కాలుస్తూనే ఉండింది.

మొదటిసారి నా జీపు ఆగగానే రత్నమ్మ ఎదురొచ్చింది.

"ఏం సార్, సీలు ఏసేదానికి వచ్చినారా? ఏసుకోండి. రేపు ఇదే పని ఇంకొకడు ఇంకొక వంకలో సేస్తాడు. అప్పుడు యాడికి పోతారు?"

నాకు కోపం వచ్చింది, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. సీలు వేయడం తేలిక. వేశాక ఆ సరుకు ఎటు పోవాలో చెప్పడం మా శాఖలో ఎవరికీ చేతకాదు.

అప్పుడే కుప్పం దగ్గర అనుమతులున్న రీసైక్లింగ్ ఫ్యాక్టరీ ఒకటి మొదలైంది. వాళ్ల యంత్రాలు వైర్లను కాల్చకుండానే రాగిని వేరు చేస్తాయి. వాళ్లకున్న బాధల్లా సరుకు దొరక్కపోవడమే. ఇటు చూస్తే రత్నమ్మ అంగట్లో సరుకు గుట్టలు పడి ఉంది. మధ్యలో ఉన్నది ఒక రోడ్డే కదా అనుకొని కాలికి బలపం కట్టుకొని తిరిగాను. ఆ కాగితాలు, ఈ సంతకాలు అన్నీ అయ్యి, చివరికి రత్నమ్మ అంగడికి సేకరణ కేంద్రంగా అనుమతి వచ్చింది. సరుకును కాల్చకూడదు, ఫ్యాక్టరీకే పంపాలి.

"ఒక లోడు పంపిస్తాను సార్," అన్నది రత్నమ్మ. "అది లోపలికి పోయిందంటే మంగమ్మ ఇంగ నిప్పు ముట్టదు. ఎనక్కి తిరిగొచ్చిందంటే మాత్రం మళ్లా దాన్ని వంకలోకి పంపాల్సిందే. మాకు ఇంకొక దావ లేదు."

మంగమ్మ గోడకు ఆనుకొని, దగ్గును లోపలే అణుచుకుంటూ నా వైపే చూస్తోంది. లోడు లోపలికి పోతుందని నేను మాటిచ్చాను.

కడిగిన సరుకు

లోడు బయల్దేరిన రోజు టెంపో ముందు పసుపు, కుంకుమ పెట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. సరుకు మీద టార్పాలిన్ పట్ట గట్టిగా కట్టి ఉంది. క్రిష్ణప్ప, రత్నమ్మ టెంపోలో, నేను వెనకాల జీపులో. పలమనేరు దాటి వెంకటగిరికోట చేరేసరికి ఎండ మండిపోతోంది. టీ తాగడానికి ఆగాం. అక్కడ రత్నమ్మ పట్ట మూల పైకెత్తి, "సూడండి సార్ మా సరుకు" అన్నది. కొత్త చీర కట్టుకున్న మనిషి ముఖంలో ఉండే సంబరం ఆమె ముఖంలో ఉంది.

నేను చూశాను. అందులో టీవీలు లేవు. టీవీల గాజు గొట్టాలు ఒక వరుస, బోర్డులు ఒక బస్తా, ప్లాస్టిక్కు ఒక బస్తా, ఇనుము ఒక పక్క, వైర్ల చుట్టలు ఒక పక్క. అన్నీ కడిగి, తుడిచి, తళతళలాడుతున్నాయి.

"ఎందుకు విప్పారమ్మా ఇవన్నీ?" అన్నాను.

"యాల అంటారేంది సార్? మొదటి లోడు గదా. మురికి సరుకు పంపితే మర్యాదగా ఉంటాదా? అందరం కూసోని విప్పినాం, కడిగినాం."

గుజిరీ వ్యాపారంలో అదే పద్ధతి. మట్టి అంటిన సరుకుకి, కలగాపులగంగా ఉన్న సరుకుకి కొనేవాడు తరుగు తీస్తాడు. మంచి వ్యాపారి అనిపించుకోవాలంటే విప్పి, ఏ రకానికి ఆ రకం వేరుచేసి పంపాలి. పెళ్లివారికి పంపే పళ్లెం సర్దినట్టు సర్ది పంపింది రత్నమ్మ. ఫ్యాక్టరీ పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. టీవీ టీవీలా వస్తేనే వాళ్ల లెక్కలోకి వస్తుంది. విప్పడానికి వేరే అనుమతి కావాలి, అది లేనివాళ్లు విప్పితే నేరం. సేకరణ అంటే ఏమిటో మా నిబంధనల పుస్తకంలో పేజీలకు పేజీలు రాశారు గానీ, గుజిరీవాళ్లకు సరుకు చేతికి రాగానే విప్పడం అలవాటని ఒక్కరికీ తట్టలేదు.

అంతలో ఇంకొకటి కనిపించింది. ఫోన్ల బ్యాటరీలన్నీ ఊడదీసి ఒకే గోనెసంచిలో కూరి, తాడుతో బిగించి కట్టారు.

"వీటిని కూడా కడిగారా?"

"మట్టి ఉండింది సార్. కడిగి ఎండలో ఆరబెట్టినాం."

సంచి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. "ఎండకు సార్, అన్నీ కాలతాండాయి" అన్నాడు క్రిష్ణప్ప. నిజమే, టెంపో రేకు కూడా కాలుతోంది. ఏది ఎండ వేడో, ఏది లోపలి వేడో చెప్పలేకపోయాను. ఉబ్బిన బ్యాటరీ లోపల తడి చేరితే వేడెక్కి అంటుకుంటుంది, ఒకటి అంటుకుంటే పక్కనున్నవన్నీ అంటుకుంటాయి. అక్కడే దింపుదామంటే చుట్టూ బజారు, టమాటా పెట్టెలు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు. వెనక్కి పోదామంటే పుంగనూరు కంటే కుప్పమే దగ్గర. ఆర్పే సరంజామా ఉన్నది ఆ ఫ్యాక్టరీలోనే. సంచి తాడు వదులు చేయించి, దాన్ని టెంపో చివరకు జరిపించి, ఆగకుండా పొమ్మన్నాను. మిగిలిన దారంతా నా కళ్లు ఆ సంచి మీదే ఉన్నాయి. అంత భయంగా నేను ఏ రోడ్డు మీదా ప్రయాణం చేయలేదు.

గేటు

ఫ్యాక్టరీ కుప్పం దాటాక, గ్రానైటు కోసే యూనిట్ల పక్కన ఉంది. మేనేజరు సెల్వం బయటికి వచ్చాడు. తమిళనాడు సరిహద్దు అవతలివాడైనా తెలుగు బాగా మాట్లాడతాడు, పని తెలిసిన మనిషి. పట్ట తీయించి ఒక్క చూపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"సార్, ఇవి టీవీలు కావు, టీవీల ముక్కలు. విప్పింది ఎవరు అని రేపు మీ ఆఫీసే నన్ను అడుగుతుంది. నేను తీసుకోలేను."

"ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బ్యాటరీల సంచి లోపలికి తీసుకోండి. వేడెక్కుతోంది."

"వేడెక్కిందాన్ని అసలే తీసుకోలేను సార్."

రత్నమ్మకు కొంచెం కొంచెంగా అర్థమవుతోంది. "ఏం సార్, సరుకు బాగాలేదా? ఇంతకంటే శుభ్రంగా ఎవురు పంపుతారు మీకు?" అని సెల్వాన్ని నిలదీసింది. అతను జవాబు చెప్పబోతుండగా వాసన వచ్చింది. గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు తియ్యటి, పాడు వాసన. సంచి మూతి నుంచి తెల్లటి పొగ సన్నగా లేచింది.

అందరం ఒక్క క్షణం కొయ్యబారిపోయాం. కదిలింది రత్నమ్మే. బస్తాలు లాగే ఇనుప కొక్కి తీసుకొని సంచికి తగిలించి ఒక్క గుంజు గుంజింది. సంచి టెంపో మీద నుంచి సరిగ్గా గేటు ముందు రోడ్డు మీద పడింది. పడగానే లోపల టపటపా పేలడం మొదలైంది. మంట లేచింది. "బండి తియ్యి" అని అరిచాను. క్రిష్ణప్ప టెంపోను వెనక్కి పరుగెత్తించాడు.

గేటు వెనకాల ఇసుక తొట్టెలు కనిపిస్తున్నాయి. ఎర్ర రంగు సిలిండర్లు వరుసగా తగిలించి ఉన్నాయి. నేను అటు పరుగెత్తేలోపు సెల్వం లోపలికి పోయి వాచ్‌మన్‌తో గేటు మూయించాడు.

"తెరవండి! మీ దగ్గర అన్నీ ఉన్నాయి కదా!" గొంతు చించుకున్నాను.

"గేటు లోపలికి వచ్చిందంటే అది నాది అయిపోతుంది సార్!" అన్నాడు సెల్వం. షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. "లోపల షెడ్డు నిండా ప్లాస్టిక్కు ఉంది. మనుషులు ఉన్నారు."

అతణ్ని తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయడానికి బాగుండవు. ఈలోగా పక్క యూనిట్‌లో గ్రానైటు కోసేవాళ్లు అరుపులు విని గంపలతో పరుగెత్తుకొచ్చారు. వాళ్ల ఆవరణలో రాతి పొడి గుట్టలుగా ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే ఆ పొడి గంపలకొద్దీ తెచ్చి సంచి మీద కుమ్మరించారు. రెండుసార్లు అణిగినట్టే అణిగి మళ్లీ పైకి చిమ్మింది. రెండోసారి చిమ్మినప్పుడు రత్నమ్మ గంపతో మరీ దగ్గరగా ఉంది. కుడి ముంజేయి కాలింది. ఆమె కేక వేసిందే గానీ గంప వదల్లేదు. చివరికి రోడ్డు మధ్యలో తెల్లటి దిబ్బ ఒకటి మిగిలింది. దాని చుట్టూ దుమ్ము కొట్టుకుపోయి, దగ్గుతూ మేమంతా నిలబడ్డాం.

సెల్వం అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. లోపలికి వస్తే నాది అయిపోతుంది. ఈ వ్యాపారంలో అందరిదీ అదే భయం. ఇంటివాళ్లు తమది కాకూడదని ఎర్రగడ్డలతనికి ఇస్తారు. అతను గుజిరీకి ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. తయారు చేసిన కంపెనీ, అమ్మిన రోజే అది తనది కాదనుకుంటుంది. మా శాఖ ఒక సీలు వేసి తన పని అయిపోయిందనుకుంటుంది. విలువైన ముక్కలకు అందరూ యజమానులే. మిగిలిన దానికి మంగమ్మ ఒక్కతే దిక్కు. యంత్రాలు లేకపోవడం అసలు అడ్డంకి కాదు, ఆ యంత్రాలను నేను నా కళ్లతో గేటు ఊచల మధ్య నుంచి చూశాను.

కేసు

మంట ఆరాక సెల్వం గేటు పైనుంచి మందుల పెట్టె అందించాడు. ముఖం మాడిపోయి ఉంది. నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఒక దారి ఉంది సార్. మీరు ఈ సరుకును స్వాధీనం చేసుకొని, ఇక్కడ భద్రపరచమని ఆర్డరు ఇవ్వండి. అప్పుడు నేను కాదనలేను. లోపలికి తీసుకుంటాను."

ఆ దారి నాకూ తెలుసు. స్వాధీనం చేసుకోవాలంటే కేసు ఉండాలి. అనుమతి లేకుండా విప్పినందుకు, ప్రమాదం తెచ్చినందుకు రత్నమ్మ మీద కేసు రాయాలి. పెద్దసారుకి ఫోన్ చేశాను. అంతా విని, "రాసెయ్, ఆలోచిస్తావేంది? టెంపో కనబడేలా ఫొటో తీయించు" అన్నాడు. ఆ ఒక్కసారి ఆయన ముఖం మీదే ఫోన్ పెట్టేశాను.

రత్నమ్మ మొగుడి కండువా తడిపి చేతికి చుట్టుకొని, టెంపో నీడలో కూర్చొని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. క్రిష్ణప్ప ఎగిరిపడ్డాడు.

"ఎనక్కి పోదాం రా మే. ఇన్నాళ్లూ కాల్సుకున్నాం, ఎవురన్నా అడిగినారా? ఇంత దూరం తెచ్చినందుకు కేసా?"

ఆమె మొగుడి వైపు చూడలేదు. నన్నే అడిగింది.

"కేసు రాస్తే సరుకు లోపలికి పోతాదా సార్?"

"పోతుందమ్మా."

"ఎనక్కి తీసకపోతే మంగమ్మే గదా కాల్సాల్సింది. రాయండి."

జీపు బానెట్ మీద పెట్టుకొని రాశాను. ఆమె ఎడమచేత్తో వేలిముద్ర వేసింది. గేటు తెరుచుకుంది. పసుపు, కుంకుమ పెట్టిన టెంపో లోపలికి పోయింది. నేనిచ్చిన మాట నిలబడింది. దాన్ని నిలబెట్టింది ఆమె మీద నేను రాసిన కేసు.

నా సర్వీసులో వైర్లు కాల్చినవాళ్ల మీద చాలా కేసులు పెట్టాను. ఒక్కటీ నిలవలేదు. మేం వెళ్లేసరికి వంకలో బూడిద తప్ప ఏమీ ఉండదు, ఎవరు కాల్చారో ఎవరూ చూసి ఉండరు. కాల్చకుండా, దాచకుండా, కడిగి తుడిచి మా కళ్ల ముందుకు తెచ్చినామె మీద పెట్టిన కేసు మాత్రం ఎక్కడా తడబడలేదు. సాక్షిని నేనే. జరిమానా పడింది, ఆమె అనుమతి రద్దయింది.

తీర్పు అయ్యాక రత్నమ్మ కోర్టు బయట నా కోసం నిలబడి ఉంది. కాలిన చోట చర్మం గులాబి రంగులో ముడతలు పడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇంకొక లోడు ఉండాది సార్," అన్నది. "జనం ఇస్తానే ఉండారు. ఈ తూరి దేన్నీ విప్పలేదు, నీళ్లు సోకనీలేదు. టీవీలు టీవీల మాదిరే ఉండాయి. పంపేదా?"

ఆమె ఎదుటే సెల్వానికి ఫోన్ చేశాను. అతను నిజంగానే సంతోషించాడు. "అలాంటి సరుకే కావాలి సార్. ఎవరి దగ్గర ఉంది?" అన్నాడు. పేరు చెప్పాను. "ఆమె మీద కేసు పడి అనుమతి పోయింది కదా సార్. ఆమె దగ్గర తీసుకుంటే నా లైసెన్సు నిలవదు" అన్నాడు. ఫోన్‌లో అతని మాటలు రత్నమ్మకూ వినబడుతూనే ఉన్నాయి.

"కేసంటే, మీరు రాసిందే గదా సార్?" అన్నది రత్నమ్మ.

"అవునమ్మా."

ఆమె గొంతులో కోపం లేదు. వెళ్లడానికి రెండడుగులు వేసి, మళ్లీ నా వైపు తిరిగింది.

"లోడు పోయినప్పటి నుంచి మంగమ్మ నిప్పు ముట్టలేదు సార్. నా కోసం అంగట్లో కాసుకోని ఉండాది. పోయి దానికి ఏమని సెప్పేది?"

రేపు నా కుర్చీలో కూర్చునేవాళ్లు మీరు. చెప్పండి, ఏమని చెప్పమంటారు?